అందరినీ మొదటి బంతిలో కూర్చోబెట్టిన రాఘవేందర్

అమీర్‌పేటలో రాఘవేందర్ అంటే చాలామందికి తెలియదు. స్విచ్ రాఘవేందర్ అంటే తెలుస్తుంది. ఒక ఆఫీసులో కంప్యూటర్లూ ఫోన్లూ అన్నీ కలిసి ఒకే ఇంటర్నెట్ లైన్ వాడుకోవాలంటే మధ్యలో ఒక డబ్బా ఉండాలి. దాన్నే స్విచ్ అంటారు. ఆ డబ్బాను బిగించడం, ఏ తీగలోంచి వచ్చింది ముందు పోవాలో, ఏది ఆగాలో దానికి నేర్పడం అతని వృత్తి.

మధురానగర్‌లో అతని ఇంటి చుట్టుపక్కల వాళ్ళకు మాత్రం స్విచ్ అంటే గోడకుండే స్విచ్చే. అందుకని ఆగిపోయిన టేబుల్ ఫ్యాన్లూ, వేడెక్కని ఇస్త్రీ పెట్టెలూ పట్టుకుని వచ్చేవారు. "ఇది నా పని కాదమ్మా" అంటే ఒక్క ముక్కలో అయిపోయేది. అతను అనలేడు. "అట్లనే అమ్మా, చూస్త" అని తీసుకునేవాడు. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుని మరీ బాగుచేసి ఇచ్చేవాడు. ఒకసారి పక్కింటావిడ మిక్సీ విప్పుతూ షాక్ కొట్టి వెల్లకిలా పడ్డాడు. లేచి కూర్చుంటూ ఆవిడతో అన్న మొదటి మాట, "ఏం ఫికర్ లేదు, అయితది."

అతని తండ్రి రాజనర్సయ్య సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. "లోడెక్కువైతే మిషన్ సుత ఆగిపోతదిరా. నీకు ఆ తెలివి సుత లేదు," అనేవాడు.

భార్య మధులత సంగతి వేరు. పంజాగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. పొద్దస్తమానం కాదు అనడమే ఆమె ఉద్యోగం. పరగడుపున వచ్చినవాళ్ళు ముందు, షుగరున్న ముసలివాళ్ళు వాళ్ళకంటే ముందు. "మేం ఫలానా వాళ్ళ తాలూకు" అన్నవాళ్ళు మాత్రం టోకెన్ ప్రకారం. ఇంట్లో ఒకరు అందరికీ అవును అంటూ, ఇంకొకరు అందరికీ కాదు అంటూ ఉంటే సంసారం సమంగానే నడిచేది.

హనుమత్ప్రసాద్ గారి బిల్డింగ్‌తో అది తలకిందులైంది.

హనుమత్ప్రసాద్ గారిది తెనాలి. ఎప్పుడో అమీర్‌పేట వచ్చి కంప్యూటర్ కోర్సుల ఇన్‌స్టిట్యూట్ పెట్టి, నిలదొక్కుకుని, సొంత బిల్డింగ్ కట్టారు. మొదటి అంతస్తులో ఆయన క్లాసులు. ఒకప్పుడు మెట్ల మీద కూడా పిల్లలు కూర్చునేవారు. ఇప్పుడు సగం మంది ఊళ్ళలోనే ఉండి ఆన్‌లైన్‌లో వింటున్నారు. రెండో అంతస్తులో ఆయన భార్య జానకీదేవి గారి మ్యారేజ్ బ్యూరో. అక్కడ అమ్మాయిలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కంప్యూటర్లలోంచే పెళ్ళివారితో మాట్లాడుతూ ఉంటారు. ఆయన వీడియోలూ ఆవిడ ఫోన్లూ పోవాల్సింది ఒకే ఇంటర్నెట్ లైన్ మీద. క్లాసు మధ్యలో సారు ఆగిపోవడం, సంబంధం మధ్యలో గొంతు తెగిపోవడం ఎక్కువైపోయాక హనుమత్ప్రసాద్ గారు మంచి స్విచ్ ఒకటి కొని రాఘవేందర్‌ని పిలిచారు.

"ఇదిగో రాఘవేందర్, దీంట్లో ఏది ముందు పోవాలో మనం చెప్పొచ్చంట కదా. మన క్లాసుల వీడియోకే ఫస్ట్ ప్రయారిటీ. ఇంకెవ్వరికీ వద్దు."

"అట్లనే సార్."

మెట్లు దిగబోతుంటే పైనుంచి జానకీదేవి గారు పిలిచారు. గొంతు తగ్గించి అన్నారు: "బాబూ, ఫోన్లకే మొదటి స్థానం ఇవ్వు. వీడియో రెండు క్షణాలు ఆగితే కొంప మునగదు. ఫోన్‌లో ఒక్క మాట పోతే సంబంధం పోతుంది. ఆయనకి చెప్పకు."

"అట్లనే మేడమ్."

క్లౌడ్ కోర్సు చెప్పే వంశీకృష్ణ టీ కొట్టు దగ్గర పట్టుకున్నాడు. అందమైన కుర్రాడు. క్లాసుకు ముందు తల దువ్వుకోవడానికే ఎక్కువసేపు పడుతుంది. "అన్నా, నా లాప్‌టాప్ ఒక్కదానికి కాస్త స్పెషల్‌గా చూడవా? స్టూడెంట్స్‌కి నా ఫేస్ ముక్కలు ముక్కలుగా పగిలి కనిపిస్తోందంట." దానికీ అట్లనే అన్నాడు.

ఇక మిగిలింది రుద్రమ్మ. వాచ్‌మన్ సారయ్య భార్య. స్విచ్ ఉండేది మెట్ల కింద అల్మరాలో. ఆ అల్మరా రుద్రమ్మ రాజ్యం. స్విచ్ మీదుగా వచ్చే వేడిగాలికి బాగా ఎండుతున్నాయని ఆవిడ దానిమీద వడియాల పళ్ళెం పెట్టేది. రాఘవేందర్ దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టి పనిచేసుకుంటుంటే వచ్చి నిలబడింది.

"తమ్మీ, పక్కిల్లు ఖాళీ చేసి పోయేటోళ్ళు మాకు పే...ద్ద టీవీ ఇచ్చిపోయిన్రు. బొమ్మ మంచిగ వస్తలేదు. జర మాది సుత ముందల పెట్టు."

"అక్కా, అది..." అని ఆగాడు. రుద్రమ్మ చేతిలో అతనికోసం తెచ్చిన మజ్జిగ గ్లాసు ఉంది. "అట్లనే అక్క," అన్నాడు.

అలా అందరికీ అన్నమాట నిలబెట్టుకున్నాడు. క్లాసుల వీడియో, బ్యూరో ఫోన్లు, వంశీకృష్ణ లాప్‌టాప్, రుద్రమ్మ టీవీ, అన్నిటికీ అన్నిటికంటే ముందు పోయే హక్కు రాసేశాడు. ఇది తప్పని అతనికి తెలుసు. తర్వాత సర్దుదాంలే అనుకున్నాడు. లైన్ ఖాళీగా ఉన్నంతసేపు ఎవరు ముందో ఎవరికీ తెలియదు కూడా. అంతా నున్నగా నడిచింది. హనుమత్ప్రసాద్ గారు భుజం తట్టి కాఫీ తాగించారు. జానకీదేవి గారు కళ్ళతోనే థాంక్స్ చెప్పి సున్నుండలు పంపారు. వంశీకృష్ణ అతనితో సెల్ఫీ దిగాడు. రుద్రమ్మ వడియాలు కట్టిచ్చింది. తామొక్కరే ముందున్నామని అందరూ ఎవరికి వారు గుట్టుగా మురిసిపోయారు. ఆ కొన్నాళ్ళూ రాఘవేందర్‌కు ఆ బిల్డింగ్‌లోకి అడుగుపెడితే అత్తారింటికి పోయినట్టుండేది.

ఒక ఆదివారం అంతా ఒకేసారి వచ్చి పడింది.

ఆ పొద్దున వంశీకృష్ణ ఫ్రీ డెమో క్లాసు. ఊళ్ళనుంచి, హాస్టళ్ళనుంచి వందలమంది చూస్తున్నారు. ఆదివారం గనక బ్యూరోలో అమ్మాయిలందరూ ఫోన్ల మీదే ఉన్నారు. జానకీదేవి గారు స్వయంగా, తన కంప్యూటర్ ద్వారానే రెండువైపులవారినీ కలిపి, ఒక పెద్ద సంబంధం మాట్లాడుతున్నారు. అబ్బాయి అనుదీప్, వాళ్ళమ్మ మంజూష గారు విజయవాడ నుంచి లైన్‌లో ఉన్నారు. అమ్మాయి హరిణి, వాళ్ళ నాన్న శ్రీనగర్ కాలనీ నుంచి. కింద రుద్రమ్మ గదిలో జనగామ నుంచి చుట్టాలు దిగారు. వాళ్ళింట్లో ఈమధ్యే జరిగిన పెళ్ళి వీడియోను ఫోటోగ్రాఫర్ డ్రోన్‌తో తీసి, ఆన్‌లైన్‌లో పెట్టాడు. ఆ పెద్ద టీవీలో అత్యంత స్పష్టంగా, ముత్తైదువుల చీరల జరీ పోగులు లెక్కపెట్టగలిగేలా అది నడుస్తోంది.

మొదట వంశీకృష్ణ ఆగిపోయాడు. "ఇప్పుడు అసలు విషయానికి వద్దాం" అనబోతూ 'అ' దగ్గర నిలిచిపోయాడు. నోరు తెరిచి ఉంది. ఒక కన్ను సగం మూసుకుంది. చెయ్యి ఆశీర్వదిస్తున్నట్టు గాల్లో ఉంది. దువ్విన జుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ గదిలో అతను హుషారుగా పాఠం చెప్పుకుపోతూనే ఉన్నాడు. చూస్తున్న వందలమందికి మాత్రం ఈ విగ్రహమే కనిపిస్తోంది. "సార్ సమాధిలోకి వెళ్ళారు" అని ఒకరు రాశారు. "దంతాల డాక్టరు దగ్గరున్నారా సార్?" అని ఇంకొకరు. కాసేపట్లోనే ఆ బొమ్మ అమీర్‌పేట హాస్టళ్ళన్నిటికీ చేరిపోయింది.

పైన జరిగింది ఇంతకంటే ఘోరం. మన భాషలో అవునో కాదో వాక్యం చివర్న తేలుతుంది. ఆ చివరే తెగిపోతే మిగిలినదంతా తిరగబడుతుంది.

"మా అనుదీప్‌కి సిగరెట్లు, మందు, పేకాట, ఇలాంటివేవీ అలవాటు లేవండీ," అన్నారు మంజూష గారు గర్వంగా. శ్రీనగర్ కాలనీకి చేరింది ఇది: "మా అనుదీప్‌కి సిగరెట్లు, మందు, పేకాట... అలవాటు... ండీ."

హరిణి వాళ్ళ నాన్న అవాక్కయ్యారు. అబ్బాయి తల్లి ఇంత నిజాయితీగా మాట్లాడటం ఆయన జన్మలో వినలేదు. తేరుకుని, "మీరు దాచకుండా చెప్పడం నాకు చాలా నచ్చిందండీ," అన్నారు. మంజూష గారికి 'నచ్చ' దాకా వినిపించి ఆగిపోయింది. తెలుగులో నచ్చ తర్వాత ఏమైనా రావచ్చు. ఆవిడ మొహం మాడ్చుకుని, "మరి మీ అమ్మాయి సంగతేంటి?" అన్నారు.

"మా హరిణికి కోపం రానే రాదండీ," అన్నారాయన. విజయవాడకు చేరేసరికి అది, "మా హరిణికి కోపం రా... రా... రా..." అయ్యింది. ఎవరో కొండ అంచు నుంచి పిలుస్తున్నట్టుంది. మంజూష గారు ఫోన్ పెట్టేశారు.

ఆ టైముకు రాఘవేందర్ పంజాగుట్టలో, మధులత పనిచేసే సెంటర్ పక్కన టీ తాగుతున్నాడు. ఆమెది ఆదివారం డ్యూటీ. దింపడానికి వచ్చి, ఆమెకు టీ బ్రేక్ దొరికేదాకా ఆగాడు. ఫోన్ మోగింది. హనుమత్ప్రసాద్ గారు. పెట్టేలోపే జానకీదేవి గారు. తర్వాత వంశీకృష్ణ, ఏడుపు గొంతుతో. ఆఖర్న రుద్రమ్మ: "తమ్మీ, సరిగ్గ తాళి కట్టేకాడ గిర్రున తిరుగుతుంది, ఆగిపోయింది." అందరిదీ ఒకే మాట. నాకే కదా ముందిచ్చావు, మరి ఇదేంటి?

మధులత అన్నీ విన్నది. "ఎంతమందికి ఇచ్చినవ్ ముందు?"

"అందరికి."

"అందరికి ఇస్తే అది ముందెట్లయితది?"

రాఘవేందర్ తలవంచుకున్నాడు. "పెళ్ళిల భోజనాలనుకో లతా. ముసలోళ్ళు మొదటి బంతిల కూసుంటరు. తినేది పిడికెడే గని, వాళ్ళు ఆగలేరు. ఫోన్ మాట గట్లాంటిది. చిన్నది, ఆగలేదు. వీడియో అంటే పెద్ద కుటుంబం. మస్తు విస్తర్లు కావాలె, గని జరసేపు ఆగుతరు. ఫైళ్ళు, సినిమాలు గివన్నీ ఆఖరి బంతి. నేనేమో అందరిని మొదటి బంతిలనే కూసోబెట్టిన. ఒకల మీద ఒకలు పడి, ఎవ్వరి ఆకుల మెతుకు పడ్తలేదు."

"గింత తెలిసి సుత?"

"వాళ్ళు అడిగిన్రు."

మధులత టీ గ్లాసు కింద పెట్టింది. ఇది ఆమె వృత్తికి సంబంధించిన విషయం. "రెండే ముక్కలు విను. కాదు అన్నంక 'గని' అనకు. 'గని' అంటే తలుపు సగం తెరిచినట్టే, లోపటికొస్తరు. ఇంకోటి, కాదు అనుకుంట నవ్వకు. ఏదీ, నాకు చెప్పు."

"కాదు సార్," అన్నాడు రాఘవేందర్.

"నవ్వినవ్."

"కాదు సార్."

"మెడకాయ అవునని ఊగుతుంది. సక్కగ పెట్టు."

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర హెల్మెట్‌లో కూడా అతను "కాదు సార్, కాదు మేడమ్" అని సాధన చేస్తూనే ఉన్నాడు. పక్క బండి మీదున్నాయన, "ఏంది భాయ్, నేనేమన్న అడిగిన్నా?" అన్నాడు. రాఘవేందర్ అలవాటుగా సారీ చెప్పాడు.

బిల్డింగ్‌కు చేరేసరికి అందరూ మెట్ల కిందే ఉన్నారు. అప్పటికే ఒకరి గుట్టు ఒకరికి తెలిసిపోయింది.

"నాకు చెప్పకుండా ఫోన్లకి ఫస్ట్ అడుగుతావా?" అంటున్నారు హనుమత్ప్రసాద్ గారు.

"మీరు నాకు చెప్పి అడిగారేంటి?" అన్నారు జానకీదేవి గారు. "మీ సారు నోరు తెరుచుకుని ఉండిపోతే నవ్వుకుంటారు. నాకు రెండు కుటుంబాలు విడిపోయాయి. ఇంకా కలవకముందే!"

వంశీకృష్ణ మెట్టు మీద కూర్చుని ఫోన్‌లో తన బొమ్మనే చూసుకుంటున్నాడు. "ఒక్క కన్ను ఎందుకు మూసుకుంది నాకు," అంటున్నాడు తనలో తను.

రాఘవేందర్‌ను చూడగానే అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. హనుమత్ప్రసాద్ గారి గొంతుదే పైచేయి అయింది. "చూడు, స్విచ్ కొన్నది నేను. బిల్డింగ్ నాది. క్లాసులకి ఫస్ట్ పెట్టి, మిగతావన్నీ తీసెయ్."

రాఘవేందర్ మెడ నిటారుగా పెట్టాడు. "కాదు సార్."

ఆ మాట అతని నోట ఆ బిల్డింగ్‌లో ఎవరూ వినలేదు. జానకీదేవి గారు కూడా ఉలిక్కిపడ్డారు.

"ఏంటి కాదు?"

'గని' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "మేడమ్ ఫోన్లు ముందు సార్. వాటికి పట్టే జాగ శానా తక్కువ. మీ క్లాసు వాటెంబడి రెండోది. దానికి మస్తు జాగ ఇస్త, దాన్ల ఇంకెవ్వరు కాలు పెట్టరు."

జానకీదేవి గారు విజయగర్వంతో భర్తవైపు చూసి, "అలాగే బాబూ, మా ఫోటోలు, బయోడేటాలు కూడా ఫోన్లతోపాటే ముందు పోయేలా..."

"కాదు మేడమ్." రెండోసారి కొంచెం తేలికైంది. "మాటలే ముందు. ఫోటోలు ఆఖర్న. ఫోన్లకు సుత ఒక హద్దు పెడ్త. లేకుంటే మీ అమ్మాయిలందరు ఒక్కపారి మాట్లాడితే సార్ క్లాసు ఉపాసముంటది."

"నా లాప్‌టాప్..." అన్నాడు వంశీకృష్ణ.

"క్లాసుతోపాటే తమ్మీ. వేరే స్పెషల్ ఏం లేదు."

కష్టమంతా రుద్రమ్మ దగ్గరే వచ్చింది. టీవీది ఆఖరి బంతి అని చెప్పాడు. ఆవిడ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. వెనకాల జనగామ చుట్టాలు. "నన్ను ఆఖరి బంతిల కూసోబెడ్తవా తమ్మీ? మా చుట్టాల ముందల?"

మజ్జిగ గ్లాసు గుర్తుకొచ్చి రాఘవేందర్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అవునక్క," అన్నాడు.

"ఆఖరి బంతిల కూర ముక్కలు మిగుల్తయారా?"

"క్లాసులు, ఫోన్లు బందయినంక లైనంత నీదే. అప్పుడు చూడు అక్క. గిప్పుడు మాత్రం ఆఖరే."

రుద్రమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. తర్వాత స్విచ్ మీది వడియాల పళ్ళెం తీసుకుని, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. చుట్టాలు బయటే ఉండిపోయారు. సారయ్య వాళ్ళను టీకి తీసుకుపోయాడు.

రాఘవేందర్ అల్మరా ముందు నేలమీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. తను రాసిన హక్కులన్నీ తుడిచేశాడు. ఏది గొంతో, ఏది బొమ్మో, ఏది మిగిలినదో స్విచ్ గుర్తుపట్టేలా గుర్తులు పెట్టాడు. గొంతుకు అందరికంటే ముందు దారి, దానికొక హద్దు. క్లాసుకు దాని వాటా. టీవీ ఎంత లాగినా కొంత మించి లాగకుండా ఒక కట్టడి. పని పెద్దది కాదు. అయ్యాక వంశీకృష్ణను క్లాసు మొదలుపెట్టమన్నాడు. పైన అమ్మాయిలందరినీ ఒక్కసారే మాట్లాడమన్నాడు. రుద్రమ్మ తలుపు కొట్టి, "అక్కా, టీవీ పెట్టు, చూస్త," అని బతిమాలాడు. టీవీలో పెళ్ళి కాస్త మసగ్గా మారింది కానీ ఆగలేదు. తాళి పడింది. పై అంతస్తులో ఒక్క మాట తెగలేదు.

జానకీదేవి గారు వెంటనే శ్రీనగర్ కాలనీకి ఫోన్ చేసి అసలు సంగతి చెప్పారు. అబ్బాయికి ఏ అలవాటూ లేదని, మధ్యలో మాటలు తెగాయని. అంతా విని హరిణి వాళ్ళ నాన్న ఒకటే అడిగారు.

"పేకాట కూడా లేదాండీ?"

"లేదండీ, బంగారంలాంటి పిల్లాడు."

"అలాగా," అన్నారాయన నీరసంగా. "ఆదివారాలు ఆటకి ఒక మనిషి తక్కువవుతున్నాడు మాకు. పోనీలెండి."

విజయవాడ వాళ్ళను బుజ్జగించడానికి ఇంకాస్త కష్టపడాల్సి వచ్చింది. చివరికి హరిణే, ఫోన్లు వద్దు, ఎదురెదురుగా కూర్చుందాం అన్నది. పంజాగుట్టలో ఒక హోటల్లో కలిశారు. సంబంధం కుదిరింది. నిశ్చితార్థం అయిన వారం అల్లుడు ఒకసారి పేకాటలో కూర్చుని మామగారి చేతి ముక్కలు చూడకుండానే చెప్పేశాడట. తల్లికి ఇప్పటికీ తెలియదు. జానకీదేవి గారు ఈ కథ రాఘవేందర్‌కు చెప్పి, "నీ స్విచ్ ఆ రోజు అబద్ధం ఏమీ ఆడలేదయ్యా," అన్నారు.

వంశీకృష్ణ డెమో మళ్ళీ పెట్టుకోవాల్సి వచ్చింది. ఈసారి మొదటిసారికంటే ఎక్కువమందే వచ్చారు. ఆ పోజు ఒక్కసారి పెట్టమని అడగడానికి. రెండుసార్లు కోప్పడి, మూడోసారి పెట్టాడు.

ఇంట్లో మాత్రం కొన్నాళ్ళు ఇబ్బంది అయింది. కొత్తగా నేర్చుకున్న మాట గనక రాఘవేందర్ దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడాడు. మధులత ఇంకో దోశ వేస్తానంటే కాదన్నాడు. నీళ్ళ మోటార్ వేయమన్న తండ్రికి కాదన్నాడు. ఇస్త్రీ పెట్టెతో వచ్చిన ముసలామెను గుమ్మంలోంచే పంపించాడు. ఆమె సగం వీధి దాటేసరికి మనసొప్పక వెనకాలే పరుగెత్తి ఇస్త్రీ పెట్టె తీసుకొచ్చాడు.

"నేర్చుకున్నవా, మర్చిపోయినవా?" అని అడిగింది మధులత.

"ముసల్ది కదా లతా," అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది.

రుద్రమ్మ చాలా రోజులు పలకలేదు. తర్వాత ఒకరోజు అతను మెట్ల కింద కూర్చుని ఉంటే వచ్చి, క్లాసులయ్యాక పెళ్ళి వీడియో మళ్ళీ పెట్టి చూశానని, తన చెల్లెలి ముక్కుపుడక రాయి రంగు కూడా కనిపించిందని చెప్పింది. మజ్జిగ మాత్రం ఇవ్వలేదు.

ఈమధ్య పంజాగుట్టలో ఒక డాన్స్ స్కూలు వాళ్ళు అతన్ని పిలిచారు. అక్కడా అదే గొడవ. ఆన్‌లైన్‌లో నాట్యం నేర్పేవాళ్ళు, ఫోన్లు ఎత్తేవాళ్ళు, వీడియోలు కోసి అతికేవాళ్ళు. ఒక్కొక్కరే అతన్ని పక్కకు పిలవబోయారు. రాఘవేందర్ ఎవరి వెంటా పోలేదు. అందరినీ ఒకే గదిలోకి రమ్మన్నాడు. టీ తెప్పించాడు.

"ముందు ఎవరు అనేది నేను చూస్కుంట," అన్నాడు. "ఆఖరికి ఎవరుంటరు? అది చెప్పున్రి."

ఫ్యాన్ తిరుగుతోంది. కిటికీ అవతల మెట్రో ఒకటి పోయింది. రాఘవేందర్ టీ ఊదుకుంటూ తాగుతూ కూర్చున్నాడు. కప్పు ఖాళీ అయ్యాక వీడియోలు కోసే పింకీ అనే అమ్మాయి చెయ్యెత్తింది.

"నావి ఆగుతయ్ అన్న. నేను అప్‌లోడ్ పెట్టి లంచ్‌కి పోత."

"మస్తు," అన్నాడు రాఘవేందర్, లాప్‌టాప్ తెరుస్తూ.